జింక వేటకు తొలి రైఫిల్ కొనేవారికి



అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో చాలా ఊళ్ళలో ఆఫీసు కబుర్లు మారిపోతాయి. "ఈసారి డీర్ సీజన్‌కి మాతో వస్తావా?" అని పక్క సీట్లో పనిచేసే మిత్రుడు అడుగుతాడు. టెక్సస్‌లో, మిషిగన్‌లో, పెన్సిల్వేనియాలో ఉన్న మనవాళ్ళకు ఈ పిలుపు బాగా తెలుసు. ఇప్పుడు మనలోనూ కొందరు సరే అంటున్నారు. అలా సరే అన్నవాళ్ళను మర్నాటి నుంచే ఒక ప్రశ్న పట్టుకుంటుంది. ఏ రైఫిల్ కొనాలి? ఎంత డబ్బు పెట్టాలి?

ఈ కాసేపు దాని గురించే మాట్లాడుకుందాం. తక్కువ ఖర్చులో, స్కోప్ (గురి చూసే దుర్భిణి) ఉన్న బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలి? నేను చెప్పదలచుకున్నదంతా మూడు మాటల్లో ఉంది. ముందే చెప్పేస్తాను, మధ్యమధ్య మళ్ళీ చెబుతాను. రైఫిల్ దగ్గర కొంచెం తగ్గించుకోవచ్చు. స్కోప్ దగ్గర తగ్గవద్దు. సాధన దగ్గర అసలే తగ్గవద్దు.

ఎందుకంటే మనం చేయబోయేది ఒక ప్రాణం తీసే పని. అది ఒక్క తూటాతో, క్షణాల్లో పూర్తి కావాలి. గాయపడిన జింక పొదల్లోకి పారిపోయి రాత్రంతా బాధపడే పరిస్థితి రాకూడదు. పెట్టే ప్రతి డాలరూ ఆ ఒక్క తూటా సరైన చోట తగలడం కోసమే పెట్టాలి.

ముందు చట్టం సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. ఇండియాలో ఈ కార్యక్రమం వింటున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ తెల్లతోక జింకలు ఒకప్పుడు బాగా తగ్గిపోయాయి. ఆ తరువాత సీజన్లు పెట్టారు, లైసెన్సులు పెట్టారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ డబ్బును రాష్ట్రాల్లో వన్యప్రాణుల సంరక్షణకు ఇస్తారు. ఇవాళ చాలా రాష్ట్రాల్లో జింకలు పొలాల్లోకి, రోడ్ల మీదికి వచ్చేటంతగా పెరిగాయి. వాటి సంఖ్యను అదుపులో ఉంచడానికి వేటే ప్రధాన సాధనం.

ఇక మన తెలుగువాళ్ళు ప్రత్యేకంగా వినవలసిన విషయం. మీరు హెచ్-1బి మీదో, ఎఫ్-1 మీదో ఉన్నారా? అయితే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ మీ దగ్గర ఉండకూడదు. తూటా కూడా ఉండకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ముఖ్యమైనది హంటింగ్ లైసెన్స్. ఏదైనా ఒక అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ పేరున ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు. వీసా మీద ఉన్నవారికి మాత్రం ఇది చాలా పెద్ద విషయం. లైసెన్స్ లేకుండా సరదాగా షూటింగ్ రేంజికి వెళ్ళి, మిత్రుడి రైఫిల్ అందుకున్నా చిక్కే. మరొక్కసారి చెబుతున్నాను. వీసా మీద ఉంటే ముందు లైసెన్స్, తరువాతే రైఫిల్. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. షాపులో ఇచ్చే ఫారంలో ఇమిగ్రేషన్ వివరాలు అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ కోసం ఇంకొకరిని తన పేరున కొనమని మాత్రం ఎప్పుడూ అడగకండి. అది ఇద్దరికీ నేరమే.

లైసెన్స్ కావాలంటే చాలా రాష్ట్రాల్లో హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తి చేయాలి. దీన్ని మొక్కుబడిగా చూడకండి. తుపాకీ ఎలా పట్టుకోవాలో, కంచె ఎలా దాటాలో, జింక దేహంలో గుండె, ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో అక్కడే నేర్పుతారు.

మరో మాట. రైఫిల్ కొనేముందు మీ రాష్ట్రం ఏ ఆయుధాన్ని ఒప్పుకుంటుందో చూడండి. న్యూజెర్సీలో మనవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అక్కడ జింక వేటకు మనం మాట్లాడుకుంటున్న ఈ రైఫిళ్ళు పనికిరావు. షాట్‌గన్, విల్లు లాంటివే వాడాలి. ఒహాయోలో రైఫిల్ వాడవచ్చుగానీ, మెడ దగ్గర సన్నబడని, నిలువు గొట్టంలా ఉండే తూటానే వాడాలి. 2019లో వచ్చిన 350 లెజెండ్ అలాంటిదే. టెక్సస్‌లో ఎంపిక విశాలం. కాబట్టి షాపుకు వెళ్ళేముందు మీ రాష్ట్రపు వేట నిబంధనల పుస్తకం చదవండి.

సరే, చట్టం అయింది. ఇప్పుడు రైఫిల్ దగ్గరికి వద్దాం.

బోల్ట్ యాక్షన్ అంటే ఏమిటి? రైఫిల్ పక్కన తలుపు గడియలాంటి చిన్న పిడి ఉంటుంది. దాన్ని పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా గొట్టం బయట పడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా లోపలికి వెళ్ళి గట్టిగా బిగుసుకుంటుంది. అంతే. జర్మనీలో పౌల్ మౌజర్ రూపొందించిన 1898 నాటి రైఫిల్‌లో ఈ పద్ధతి ఒక స్థిరమైన రూపానికి వచ్చింది. ఈనాటి వేట రైఫిళ్ళు చాలావరకు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

కొత్తవారికి ఇదే ఎందుకు మేలు? భాగాలు తక్కువ, చెడిపోవడం తక్కువ, ధరా తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, బోల్ట్ తెరిచి ఉంటే రైఫిల్ పేలదు. అది తెరిచి ఉందని పక్కనున్నవారందరికీ కనబడుతుంది. పేల్చిన ప్రతిసారీ మీ చేత్తో మీరే తరువాతి తూటా ఎక్కించాలి. అందువల్ల మొదటి తూటా మీదే మనసు నిలుస్తుంది.

ఇంకో ప్రశ్న చాలామందికి ఉంటుంది. చవక రైఫిల్ సరిగా కొడుతుందా? కొడుతుంది. నిశ్చింతగా ఉండండి. ఒకప్పుడు ప్రతి బ్యారెల్‌నూ, అంటే తూటా వెళ్ళే గొట్టాన్ని, పనివాడు కొలిచి, చెక్కి, అమర్చాల్సి వచ్చేది. 1958లో సావేజ్ కంపెనీ 110 అనే మోడల్ తెచ్చింది. అందులో బ్యారెల్‌ను మరతిప్పి, కొలత సరిపోగానే ఒక పెద్ద నట్టుతో బిగించేస్తారు. పని సులువైంది, ఖర్చు తగ్గింది, గురి తగ్గలేదు. ఈనాటి చవక రైఫిళ్ళు కొన్ని ఆ ఉపాయంతోనే తయారవుతున్నాయి. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియట్, వించెస్టర్ ఎక్స్‌పీఆర్, ఇవన్నీ గత పదిహేనేళ్ళలో మార్కెట్లో నిలిచిన పేర్లు. వీటిలో చాలావాటిని నాలుగైదు వందల డాలర్లకు అటూఇటూగా కొనవచ్చు.

మరి కంపెనీ ఎక్కడ పొదుపు చేసింది? స్టాక్ దగ్గర. అంటే మనం భుజానికి ఆనించుకునే, చేత్తో పట్టుకునే భాగం. నునుపైన వాల్‌నట్ కర్ర బదులు ప్లాస్టిక్ ఉంటుంది. గట్టిగా నొక్కితే ముందుభాగం కాస్త వంగుతుంది కూడా. బోల్ట్ లాగితే కొంచెం గరుకుగా ఉండవచ్చు. తూటాలు పెట్టే మేగజీన్ కూడా ప్లాస్టిక్‌దే కావచ్చు. ఇవి చూడటానికి, పట్టుకోవడానికి తేడాలు. తూటా వెళ్ళే దారిలో తేడా తక్కువ.

ఎంత గురి కావాలో ఒకసారి ఆలోచించండి. జింక ముందుకాలు వెనక, ఛాతీలో, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. మనింట్లో ఇడ్లీ పెట్టుకునే టిఫిన్ ప్లేటంత. వంద గజాల దూరంలో మంచి చవక రైఫిల్ మూడు తూటాలను అంగుళంన్నర లోపే వేయగలదు. అంటే రైఫిల్ తన పని చేస్తుంది. మిగిలింది మన చేతుల్లో, మన కంట్లో ఉంది. అందుకే అంటున్నాను, రైఫిల్ దగ్గర కొంచెం తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు షాపులోకి వెళ్దాం. కౌంటర్ వెనకనున్న వ్యక్తి రైఫిల్ దించి, బోల్ట్ తెరిచి, లోపల ఖాళీ అని చూపించి చేతికిస్తాడు. మీరూ తొంగిచూడండి, వేలు పెట్టి ఖాళీయో కాదో చూసుకోండి. బ్యారెల్‌ను మనుషులు లేని వైపు తిప్పండి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. రైఫిల్‌ను భుజానికి తెచ్చుకోండి. చెంప స్టాక్ మీద హాయిగా ఆనిందనిపించాక కళ్ళు తెరవండి. స్కోప్‌లో గుండ్రటి బొమ్మ నిండుగా కనబడిందా? అయితే అది మీ ఒంటికి సరిపడే రైఫిల్. బొమ్మ చుట్టూ నల్లటి నెలవంకలా కనబడుతోందా? దాని కోసం మెడ సాగదీయాల్సి వస్తోందా? ముందు స్కోప్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపి చూడమనండి. అప్పటికీ కుదరకపోతే ఆ స్టాక్ మీకు పొడుగో పొట్టో అయిందన్నమాట.

ఇది మనవాళ్ళకు చాలా ముఖ్యం. చాలా రైఫిళ్ళు పొడుగు చేతులవారి కొలతతో వస్తాయి. మనలో పొట్టివారికి, చాలామంది స్త్రీలకు అవి పొడుగవుతాయి. సిగ్గుపడకుండా కాంపాక్ట్ మోడల్ చూపించమనండి. అది పిల్లల కోసమేనని ఎవరైనా అన్నా పట్టించుకోకండి. ఎడమచేతి వాటమైతే ఎడమచేతి బోల్ట్ అడగండి, ఈ చవక రకాల్లో కూడా దొరుకుతుంది. తరువాత షాపువారి అనుమతి తీసుకుని, ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ ఒకసారి నొక్కి చూడండి. గుంజినట్టు కాకుండా, సన్నని గాజుపుల్ల విరిగినట్టు టక్కున వదలాలి.

ఇప్పుడు ఏ తూటా? ఇక్కడ కొత్తవారు ఎక్కువగా తడబడతారు. పెద్ద తూటా అయితే జింక కచ్చితంగా పడుతుందనుకుంటారు. నిజానికి పెద్ద తూటా ముందు మన భుజాన్ని కొడుతుంది. భుజానికి భయం పట్టుకుంటే, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూతపడతాయి. చెయ్యి అదురుతుంది. గురి తప్పుతుంది.

1906 నాటి 30-06 గొప్ప తూటాయే. దానితో అమెరికాలో తరతరాలు వేటాడాయి. కానీ దాని కుదుపులో దాదాపు సగం కుదుపుతోనే 243 వించెస్టర్ జింకను పడగొట్టగలదు. రెండింటికీ మధ్యలో 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08 ఉన్నాయి. కొత్తవారికి ఈ మధ్య రకాలు చక్కగా కుదురుతాయి. 308 వించెస్టర్ కొంచెం గట్టిగా తన్నినా, దాని తూటాలు దాదాపు ప్రతి షాపులోనూ దొరుకుతాయి. ఇన్ని పేర్లు గుర్తుండకపోతే ఫరవాలేదు. ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ భుజం భయపడని తూటా, మీ ఊరి షాపులో దొరికే తూటా, ఆ రెండూ కలిసినదే మీ తూటా.

భయం ఉందో లేదో తెలుసుకోవడానికి చక్కటి పరీక్ష ఉంది. రేంజిలో మీ మిత్రుణ్ణి తూటా ఎక్కించమనండి. మీరు చూడకూడదు. అతను ఒకసారి నిజమైన తూటా పెడతాడు, ఒకసారి సాధన కోసం అమ్మే ఉత్తి తూటా పెడతాడు. మీరు గురిపెట్టి నొక్కుతారు. ఉత్తి తూటా వచ్చినప్పుడు టిక్ మని చప్పుడు మాత్రమే అవుతుంది. ఆ క్షణంలో బ్యారెల్ కొన కదలకుండా నిలిచిందా? శభాష్. కిందికి వంగిందా? అది భయం. ఇంకా చిన్న తూటాతో, ఓపికగా, మళ్ళీ మొదలుపెట్టాలి. పాయింట్ 22 రైఫిల్‌తో కొన్నాళ్ళు సాధన చేస్తే ఖర్చూ తక్కువ, భయమూ పోతుంది.

ఇక స్కోప్. చాలామంది తప్పుగా పొదుపు చేసేది ఇక్కడే.

జింకలు ఎప్పుడు కదులుతాయి? తెల్లవారుజామున, సాయంసంధ్యలో. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట దాకా వేటాడవచ్చు. ఆ మసక వెలుతురులో నాసిరకం స్కోప్ పొగమంచు పట్టినట్టు కనబడుతుంది. మంచి స్కోప్‌లో కొమ్ము వేరు, కొమ్మ వేరు అని తెలుస్తుంది. జింక వెనక మనిషెవరైనా ఉన్నాడా, ఇల్లేమైనా ఉందా అన్నదీ తెలుస్తుంది. అయితే ఒక హెచ్చరిక. దూరాన కదిలింది ఏమిటో చూడటానికి స్కోప్ వాడకండి. దానికి బైనాక్యులర్ ఉంది. స్కోప్‌తో చూశారంటే తుపాకీ గురిపెట్టినట్టే.

షాపులో మూడు-తొమ్మిది-నలభై అనే మాట వినబడుతుంది. మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుందని అర్థం. నలభై అంటే ముందు అద్దం నలభై మిల్లీమీటర్ల వెడల్పు. జింక వేటకు ఇది చాలు. ఇరవై రెట్ల స్కోప్ కొనకండి. బరువు, ఖర్చు, పైగా అడవిలో ఇబ్బంది.

ఎలాగంటారా? స్కోప్‌ను తొమ్మిది మీద ఉంచి కూర్చున్నారు. మరీ దగ్గరగా జింక వచ్చింది. చూస్తే గోధుమరంగు బొచ్చు తప్ప ఏమీ కనబడదు. అది భుజమో, పొట్టో తెలియదు. అదే మూడు మీద ఉంటే జింక మొత్తం కనబడుతుంది. వెలుతురు లెక్క కూడా ఇలాంటిదే. ముందు అద్దం వెడల్పు నలభైని నాలుగు రెట్లతో భాగిస్తే పది. అంటే నాలుగు రెట్ల మీద పది మిల్లీమీటర్ల వెడల్పున్న వెలుగు వలయం మీ కంటి దాకా వస్తుంది. తొమ్మిది మీద పెడితే నాలుగున్నర కూడా రాదు. మసక చీకట్లో మన కంటిపాప అంతకంటే పెద్దగా తెరుచుకుంటుంది. కాబట్టి చీకటి పడేకొద్దీ స్కోప్ నంబరు తగ్గించండి.

స్కోప్‌కూ కంటికీ మధ్య సుమారు మూడున్నర అంగుళాల ఎడం ఉండేలా చూసుకోండి. మరీ దగ్గరైతే రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు కనుబొమను చీరుతుంది.

రైఫిల్, స్కోప్ కలిపి ప్యాకేజీగా అమ్ముతారు. సావేజ్ యాక్సిస్ ఎక్స్‌పీ అలాంటిదే. తీసుకోవచ్చా? చేతిలో డబ్బు అంతే ఉంటే తీసుకోవచ్చు. ముందు ఆ స్కోప్‌ను సంధ్యవేళ షాపు గుమ్మంలోంచి చూడనిస్తారేమో అడగండి. అందులో వచ్చే స్కోప్ సాదాసీదాగా ఉంటే, రైఫిల్ విడిగా కొని, రెండు మూడు వందల డాలర్లు స్కోప్ మీద పెట్టండి. లూపోల్డ్, వోర్టెక్స్, బరిస్ వంటి కంపెనీలు ఆ ధరలో నమ్మకమైనవి అమ్ముతున్నాయి. ప్యాకేజీ కొన్నా, విడిగా కొన్నా, స్కోప్‌ను పట్టి ఉంచే స్క్రూలను గన్‌స్మిత్ చేత కొలతతో బిగించండి. గురి ఈరోజు ఒకచోట, రేపు ఒకచోట పడుతోందంటే, చాలాసార్లు అది వదులైన స్క్రూ పనే. రైఫిల్ మంచిదే, స్కోప్ మంచిదే, మధ్యలో స్క్రూ వదులు. అందుకే మళ్ళీ చెబుతున్నాను. స్కోప్ దగ్గర తగ్గవద్దు, దాన్ని బిగించే చోట కూడా తగ్గవద్దు.

కొన్నాం. ఇక గురి కుదర్చాలి. బోల్ట్ యాక్షన్‌లో ఉన్న సుఖం ఇక్కడ తెలుస్తుంది. రేంజిలో రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టండి. బోల్ట్ పూర్తిగా బయటికి తీసేయండి. వెనక నుంచి బ్యారెల్ గుండా చూడండి. లక్ష్యం మధ్యలో కనబడేలా సంచులు సర్దండి. ఇప్పుడు రైఫిల్ కదలకుండా స్కోప్ బొత్తాలు తిప్పి, అందులోని అడ్డగీత నిలువుగీత కలిసే చోటును అదే లక్ష్యం మీదికి తెండి. బోల్ట్ తిరిగి పెట్టి, ముందు ఇరవై అయిదు గజాల్లో పేల్చి సరిచూసుకోండి. తరువాత వంద గజాలు. చాలా స్కోపుల్లో ఒక్క క్లిక్ తిప్పితే వంద గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. మూడు తూటాలు పేల్చి, వాటి మధ్యబిందువు చూసి, అప్పుడు తిప్పండి. ఒక్క తూటాను చూసి తొందరపడకండి. సన్నటి బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది. చల్లారనివ్వండి.

ఆ తరువాత బల్ల వదిలేయండి. అడవిలో బల్ల ఉండదు. నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి పేల్చండి. చెట్టుకు ఆనుకుని పేల్చండి. ఊతకర్రల మీద పెట్టి పేల్చండి. ప్రతి భంగిమలోనూ ఒకటే పరీక్ష. ఆ టిఫిన్ ప్లేటంత చోటులో ప్రతి తూటా పడుతోందా? ఎంత దూరం దాకా పడుతోందో అదే మీ హద్దు. ఎనభై గజాలే అయితే ఎనభై గజాలే. తూటా మూడు వందల గజాల్లోనూ జింకను కొట్టగలదు కదా అని ఆ హద్దు దాటకండి. జింక మీ హద్దు అవతల నిలబడితే దాన్ని వెళ్ళనివ్వండి.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళలో పిల్లలుంటారు, చుట్టాలొస్తారు. రైఫిల్‌ను తాళం వేసిన సేఫ్‌లో, ఖాళీగా ఉంచండి. తూటాలను వేరేచోట, వేరే తాళం కింద ఉంచండి. సేఫ్ ఖర్చు కూడా రైఫిల్ ఖర్చులో భాగమే. దానికి డబ్బు లేకపోతే రైఫిల్ కొనడం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి.

చివరిగా లెక్క చూద్దాం. మీ దగ్గర వెయ్యి, పన్నెండు వందల డాలర్లు ఉన్నాయనుకుందాం. అందులో సగానికి మించకుండా రైఫిల్‌కు పెట్టండి. పావువంతు స్కోప్‌కు, దాన్ని బిగించడానికి. మిగిలినది తూటాలకు, రేంజికి, చెవుల రక్షణకు, సేఫ్‌కు. ఖరీదైన రైఫిల్‌తో రెండు డబ్బాల తూటాలు పేల్చినవాడికంటే, చవక రైఫిల్‌తో పది డబ్బాలు పేల్చినవాడి చేతిలోనే జింకకు న్యాయం జరుగుతుంది.

మిషిగన్‌లో రైఫిల్ సీజన్ నవంబరు 15న మొదలవుతుంది. టెక్సస్‌లో చాలా చోట్ల నవంబరు మొదటి శనివారం. దానికి ముందు వారం రైఫిల్ కొని అడవికి వెళ్ళేవాళ్ళను మీరు చూస్తారు. మీరు అలా వెళ్ళకండి. తరగతిలో ఇప్పుడే చేరండి. లైసెన్స్ తీసుకోండి. సీజన్ మొదలయ్యేదాకా సాధన చేయండి. అప్పటికీ ఆ ప్లేటంత చోటులో తూటా నమ్మకంగా పడకపోతే, ఈ ఏడు మిత్రుల వెంట బైనాక్యులర్ పట్టుకుని వెళ్ళి చూసి నేర్చుకోండి. సీజన్ మళ్ళీ వచ్చే ఏడు వస్తుంది. తూటా వదిలాక మాత్రం వెనక్కి రాదు.